మైల బండి

ఆ పూట కెటిల్ మూడు దోసిళ్ళ మంచుకే నిండిపోయింది.

సేర్నె చెయ్యి అక్కడే ఆగింది. మామూలుగా ఆ మసి కెటిల్ నిండాలంటే దోసిలి మీద దోసిలి కూరాలి, కరిగాక అడుగున కాసిని నీళ్ళు కనిపిస్తే ఉసూరుమంటూ మళ్ళీ కూరాలి. ఎనిమిదికి తక్కువ ఏనాడూ పట్టలేదు. పదకొండేళ్ళ కాపురంలో రోజుకు ఆరుసార్లు టీ కాచిన మనిషికి ఆమాత్రం వేళ్ళకే తెలుస్తుంది. ఈ మంచులో మంచు తక్కువ, నీళ్ళు ఎక్కువ. పైన పెచ్చు గట్టిగానే ఉంది, నడిస్తే కాలు దిగబడటం లేదు. అడుగున మాత్రం వాగు కదిలింది.

మే నెలాఖరు. సూర్యుడు అస్తమించడం మానేసి వారం దాటింది. వాళ్ళ బిడారు సైబీరియా ఉత్తర కొసన యమాల్ టండ్రా మీద ఉత్తరానికి, వేసవి మేతలకు పోతోంది. ముందు సేర్నె మొగుడు ఎడేకో తేలికపాటి మంచుబండి మీద, వెనకాల ఆడవాళ్ళు తోలే బండ్ల వరస. సేర్నె మరిది రెయిన్‌డీర్ జింకల మందతో పాటు ఒక పూట వెనక వస్తున్నాడు. మధ్యాహ్నం టీకి ఆగారు, అంతే. రాత్రి పడక ఇంకా కిందన, ఇదే వాగు వెంబడి.

"మ్యూసె నాన్నా," అంది సేర్నె, మొగుడికి గిన్నె అందిస్తూ. మ్యూసె వాళ్ళ ఏడేళ్ళ కూతురు. "మూడు దోసిళ్ళకే కెటిల్ నిండింది."

"మంచిదేగా. నీకు పని తగ్గింది."

"అది కాదు. అడుగున నీళ్ళు పడుతున్నాయి. రాత్రికి వాగు పక్కన దిగొద్దు."

ఎడేకో ఎండు రొట్టె టీలో ముంచుకుంటూ తమ్ముడి పెళ్ళాం యాబ్నె వైపు తిరిగి నవ్వాడు. "విన్నావా అమ్మాయ్? మీ అక్క కెటిల్లోకి చూసి దారి చెబుతుందట. ఇక నాకీ తోలే గెడ ఎందుకు, మీరే తోలుకోండి."

యాబ్నె పెళ్ళయి మూడు నెలలే. నవ్వాలో కూడదో తెలియక గిన్నెలోకి చూసింది. సేర్నె నోరు మూసుకుంది.

నోరు మూసుకోవడం ఆమెకు బాగా చేతనైన పనుల్లో ఒకటి. మిగతావి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు, ఎటూ మే నెలలో పొద్దు కుంకదు కాబట్టి కొన్ని చెప్పుకోవచ్చు. గుడారం మీది తోళ్ళ కప్పులు రెండు పొరలు, వాటిని జింక నరంతో కుట్టింది ఆమె. ముప్ఫై ఆరు వాసాలు రోజూ దింపి, కట్టి, మోసి, మళ్ళీ నిలబెట్టేది ఆమె. పొదలు నరికి పుల్లలు తెచ్చేది, చేపలు చీల్చేది, అందరి బూట్లూ పొయ్యి మీద దండేనికి వేలాడదీసి, ఏ బూటు ఎటువైపు తడిసిందో చూసి అటు తిప్పి ఆరబెట్టేది ఆమె. ఇంతా చేస్తే, పోయిన శీతాకాలం ఊరి నుంచి ఎవరో కాగితాలు పట్టుకొచ్చి, "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడు ఎడేకో నిజాయితీగానే ఆలోచించి, "ఏం చేస్తుంది, గుడారంలో కూర్చుంటుంది," అన్నాడు. చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తడు, తాగి దొర్లడు, మంచు తుఫానులో తప్పిపోయిన దూడ కోసం రెండు రోజులు తిరిగిన మనిషి. ఆయన కంటికి కనపడని పని ఒకటుంటుందని ఆయనకెవరూ చెప్పలేదు, అంతే. చెప్పబోయిన ప్రతిసారీ సేర్నె నోరు ఇదిగో ఇలా మూతపడింది.

ఆ నోరు మూయించే మాట వేరే ఉంది. రెండే ముక్కలు. "ఏం దాటావ్?"

ఆడది మగవాళ్ళ పలుపుతాడు దాటకూడదు. జింకలకు కట్టే పట్టెడలు దాటకూడదు. తోలే గెడ నేల మీదుంటే చుట్టూ తిరిగి పోవాలి గాని దాటకూడదు. గుడారం వెనక వైపు నడవకూడదు. ఆడవాళ్ళ బూట్లు, వాళ్ళు తొక్కిన నేల చెక్కలు, పొయ్యి కింద పరిచే ఇనప రేకు అన్నీ మైల. వాటిని వేరే బండికెత్తి, ఆ బండిని వరసలో అందరికన్నా చివర కడతారు. మగవాడి చెయ్యి దాని మీద పడదు. జింక కుంటినా, బండి పట్టీ విరిగినా, తోడేలు పడినా, ముందు వచ్చే ప్రశ్న అదే. ఏం దాటావ్? ఏమీ దాటలేదని ఎన్నిసార్లు చెప్పినా, తన కాళ్ళ మీద తనకే అనుమానం వచ్చేది సేర్నెకు. పెళ్ళయిన కొత్తలో రాత్రిళ్ళు కళ్ళు మూసుకుని ఆ రోజు వేసిన అడుగులన్నీ మళ్ళీ వేసి చూసుకునేది.

పోయినేడు ఇదే వాగు. అప్పుడు కెటిల్ కాదు, బూట్లు చెప్పాయి. సాయంత్రం అందరి బూట్లూ వేలాడదీస్తుంటే అడుగు కుట్లన్నీ చెమ్మగా ఉన్నాయి. చెబితే, "నీ బూట్లకి దారి తెలిస్తే వాటినే ముందు నడవమను," అన్నాడు ఎడేకో. పడుకున్న రెండు గంటలకు నీళ్ళు వచ్చాయి. తోళ్ళ కిందనుంచి చప్పుడు లేకుండా వచ్చేశాయి. అత్త హాద్నె అంచున పడుకుని ఉంది, నడుందాకా తడిసింది. వారానికి హెలికాప్టర్‌లో వచ్చిన నర్సమ్మ ఆవిడ వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విని, "ఇంకోసారి ఇలా నానిందంటే ఈవిడ మీకు దక్కదు," అని చెప్పి పోయింది. ఆ రాత్రి మాత్రం ఎవరూ వాగుని అడగలేదు. "గెడ దాటావా?" అన్నాడు మొగుడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్న అత్త కూడా తలెత్తి, "ఏం దాటావే?" అంది. పొడి బట్టలు కట్టుకోక ముందే సేర్నెను నిలబెట్టి, మైల పోవాలని కొవ్వు కాల్చిన పొగ కాళ్ళకింద పట్టారు. మొగుడి మాట ఆమెకు అలవాటే. అత్త మాట మాత్రం ఏడాదిగా గుండెలో ముల్లులా ఉంది.

ఎందుకంటే అత్తంటే ఆమెకు లోకంలో అందరికన్నా ఎక్కువ గౌరవం. తిట్టిపోసేది, నిజమే. కుట్టు వంకరపోతే విప్పించి మళ్ళీ కుట్టించేది, అదీ నిజమే. కాని హాద్నె గుడారం ఎత్తుతుంటే చూడాలి అని టండ్రా అంతా చెప్పుకునేవారు. ఎడేకో పుట్టిన మూడో రోజునే, వాణ్ణి ఊయల పెట్టెలో బండికి కట్టి, గాలివానలో ఒక్కతే గుడారం నిలబెట్టిందట. సేర్నె చేతుల్లో ఉన్న పనితనమంతా ఆవిడ తిట్టి తిట్టి నేర్పిందే. ఇప్పుడా మనిషి తోళ్ళ మూటలో మూటగా బండి మీద ఒరిగి, దగ్గు వచ్చినప్పుడల్లా నోటికి చేతి తొడుగు అడ్డం పెట్టుకుంటోంది. ఇంకోసారి నానితే దక్కదు.

సాయంత్రం ఎడేకో ఆగాడు. వాగు మలుపులో పల్లం, చుట్టూ పొదలు, గాలి లేదు, పుల్లలు చేతికందే దూరం. బండి దిగి, అటూ ఇటూ చూసి, పొడవాటి గెడను మంచులో గుచ్చాడు. గెడ ఎక్కడ గుచ్చితే గుడారం అక్కడ. తాతల నాటి నుంచి అంతే.

సేర్నె చూసింది. పొద మొదళ్ళ చుట్టూ మంచు బూడిదరంగు తిరిగి ఉంది. ఎడమ పక్కన కేకవేటు దూరంలో ఒక మిట్ట, దాని నెత్తిన మంచు పోయి నాచు కనిపిస్తోంది. మిట్ట మీద గాలి ఉంటుంది. పుల్లలు మోసుకెళ్ళాలి. ఎడేకో ఎంచుకున్న చోటు తెలివి తక్కువదేం కాదు, ఏప్రిల్ అయితే తానూ అక్కడే దిగేది. వెనక్కి తిరిగి చూసింది. అత్త దగ్గుతోంది. మళ్ళీ చెబితే మళ్ళీ నవ్వుతాడు. చెప్పడం వల్ల పని కాదని పదకొండేళ్ళకు తెలిసింది ఆమెకు. తెలిసిన వెంటనే ఇంకోటి కూడా తట్టింది. గెడ ఆయనదే. వాసాలు మాత్రం తన బండ్ల మీద ఉన్నాయి.

ఆమె బండి ఆపలేదు. గెడను ముట్టుకోలేదు, దాటలేదు. పద్ధతి తెలిసిన కోడలు ఎంత దూరంగా తిరిగి పోవాలో అంత దూరంగా తిరిగి, బండ్ల వరసనంతా మిట్ట మీదికి తోలింది.

"ఏమే, కళ్ళు పోయాయా? గెడ ఇక్కడుంది!"

సేర్నె వినపడనట్టే మిట్ట నెత్తికి పోయి ఆగింది. దిగి కట్టు విప్పబోయింది. ఎడేకో గెడను అక్కడే వదిలేసి పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ ఎక్కి వస్తున్నాడు.

"ఈ గాలిలో గుడారం ఎత్తుతావా? పుల్లలు నీ బాబు మోస్తాడా? తిప్పు బండ్లు!"

"నేను మోస్తాను పుల్లలు," అంది సేర్నె. గొంతు తనది కాదేమో అన్నంత చిన్నగా వచ్చింది.

"యాబ్నె ముందు నన్ను నవ్వులపాలు చేద్దామనా? తమ్ముడు వచ్చి, నీ గెడ పల్లంలో ఉంది, నీ పెళ్ళాం మిట్ట మీద ఉంది, ఇదేం సంసారం అంటే ఏం చెప్పమంటావ్?"

ఇంకో నాలుగు మాటలు అని ఉంటే సేర్నె బండ్లు తిప్పేసేదే. దాచుకోవడం ఎందుకు, పగ్గం అప్పటికే చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు వెనకనుంచి ఇనుము నేలను రాసుకున్న చప్పుడయింది.

హాద్నె బండి దిగింది. ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. వరసలో చివరి బండి దాకా నడిచి, కట్టు విప్పి, పొయ్యి కింది ఇనప రేకును రెండు చేతులా లాక్కుంటూ వస్తోంది. నాలుగడుగులకోసారి ఆగి దగ్గుతోంది. మిట్ట నడినెత్తిన చోటు చూసి, కాలితో నాచు చదును చేసి, రేకు పరిచింది. పొయ్యి పడే చోటు అదే అయితే, ఇల్లు పడే చోటూ అదే.

"అమ్మా, ఏంటిది? ఎత్తు దాన్ని."

"నాకు ఒంట్లో బాలేదు. నువ్వే ఎత్తు నాయనా."

ఎడేకో రేకు వైపు చూశాడు. వంగబోయినవాడు ఆగాడు. చేతులు వాటంతటవే కోటు చేతుల్లోకి దూరాయి. మైల బండి మీది రేకు. ఊయలలో ఉన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోకూడదని చెప్పింది ఎదురుగా నిలబడ్డ ఈ అమ్మే.

"యాబ్నె, నువ్వు ఎత్తమ్మా," అన్నాడు.

పాపం ఆ పిల్ల బావను చూసింది, అత్తను చూసింది, సేర్నెను చూసింది. చూసి, వాసాల బండి దగ్గరికి పోయి కట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఎవరూ ఎత్తరు," అంది హాద్నె. "పరిచిన రేకు తెల్లారేదాకా ఎత్తకూడదు. మా పుట్టింటి ఆచారం."

"నేనెప్పుడూ వినలేదే!"

"నువ్వు నా పుట్టింట్లో ఎప్పుడున్నావురా?"

ఎడేకో టోపీ కిందికి లాక్కుని, జింకల కట్లు విప్పడానికి పోయాడు. ఓడిపోయినవాడిలా లేదు నడక. చర్చ ఇంకా అవలేదు, రేపు చూసుకుందాం అన్నట్టుంది.

ఆ తర్వాత గంటసేపు ఆ మిట్ట మీద జరిగిన పని చూసిన అదృష్టం మ్యూసెది, రెండు కుక్కలది. గాలి వాసం వాసాన్నీ గుంజేస్తోంది. హాద్నె రేకు పక్కన బోర్లించిన పెట్టె మీద కూర్చుని కదల్లేదు, నోరు మాత్రం కదిలింది. "ముందు జంట వాసాలు! మెడ దగ్గర బిగించు! ఓసి నీ వేళ్ళు కాలా, గాలి వచ్చే వైపు ఆనించవే, నీ మొగుణ్ణి ఆనుకున్నట్టు ఆనించకు!" యాబ్నె ఏడుస్తూ నవ్వుతూ పట్టుకుంది. సేర్నె ఒక్కో వాసం భుజానికెత్తుకుని, గాలి మళ్ళిన క్షణం కోసం ఆగి, అది మళ్ళగానే ఒక్క ఊపున నిలబెట్టింది. ముప్ఫై ఆరూ నిలబెట్టింది. కప్పుల దగ్గర గాలి ఇద్దరినీ పక్కకి ఈడ్చింది. సేర్నె తోలు అంచును పళ్ళతో పట్టుకుని, తాడు నడుముకు చుట్టుకుని, మోకాళ్ళ మీద గుడారం చుట్టూ పోయింది. వెనక వైపు ఆడవాళ్ళు నడవకూడని చోట ఆగింది. అక్కడి కొస అందుకోవడానికి మగమనిషి కావాలి. తలెత్తి చూస్తే ఎడేకో అప్పటికే అక్కడ నిలబడి చెయ్యి చాచి ఉన్నాడు. మొహం ఇటు తిప్పలేదు. కొస అందుకుని గట్టిగా కట్టాడు. పైన పొగ గొట్టం బిగించి, పొయ్యి అంటించి, నాలుగు మోపుల పుల్లలు మోసుకొచ్చాక సేర్నె తన చేతులు చూసుకుంది. రెండు గోళ్ళు ఊడాయి. నొప్పి తెలియలేదు. నా చేతులే ఇవి, అనుకుంది గొప్పగా, జీవితంలో మొదటిసారి.

లోపల వెచ్చబడింది. మిట్ట వాలు మీది మంచు తెచ్చి కెటిల్లో కూరితే ఎనిమిది దోసిళ్ళు పట్టాయి. ఎడేకో పచ్చి చేప తిని, టీ తాగి, గాలి గురించి రెండు సణుగుళ్ళు సణిగి అటు తిరిగి పడుకున్నాడు. యాబ్నె కూర్చున్నచోటే నిద్రపోయింది. బయట సూర్యుడు అలాగే ఉన్నాడు, తోళ్ళ సందుల్లోంచి వెలుగు సన్నగా పడుతోంది. సేర్నె బూట్లు వేలాడదీస్తూ అత్త పక్కనే చతికిలబడింది.

"అత్తా, మీ పుట్టింట్లో నిజంగా ఆ ఆచారం ఉందా?"

"ఇవాళ్టి నుంచి ఉంది," అంది హాద్నె.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముసలావిడకు నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, సేర్నె చేతిలోని బూటు తీసుకుని అడుగు కుట్టు వేలితో తడిమి చూసింది. పొడిగా ఉంది.

"పోయినేడు నా బూట్లు కూడా తడిసే ఉన్నాయే," అంది మెల్లిగా. "నీళ్ళు వస్తాయని నాకూ తెలుసు."

సేర్నె గిర్రున ఇటు తిరిగింది. "తెలిసీ నన్ను పట్టుకుని ఏం దాటావని అడిగావా?"

"అడిగాను. నలభై ఏళ్ళు నన్ను అడిగారు. ఆ మాట ఎవరినో ఒకరిని అడక్కపోతే, నోరు విప్పలేదేమని నన్ను నేను అడుక్కోవాల్సి వచ్చేది." బూటు తిరిగి ఇచ్చేస్తూ, "తప్పే. పెద్ద తప్పు," అంది.

సేర్నెకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెంటికన్నా ముందు చెయ్యి పోయి అత్త మీది తోలు మెడదాకా లాగింది. ఆ రాత్రంతా గాలి గుడారాన్ని కొడుతూనే ఉంది. గుడారం కదల్లేదు. హాద్నె ఏడాది తరవాత మొదటిసారి అంచున కాకుండా పొయ్యి పక్కన పడుకుని గురక పెట్టింది.

పొద్దున మ్యూసె కేకకు అందరూ బయటికొచ్చారు. పల్లం లేదు. పొదల తలలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి, మిగతాదంతా మంచు ముక్కలతో కదులుతున్న నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళ మధ్యన, ఎవరి ఇల్లూ లేని చోట, గెడ ఒక్కటీ ఒరిగి నిలబడి ఉంది.

ఎడేకో దిగి పోయాడు. తొడల దాకా నీళ్ళలో నడిచి, గెడ ఊడబీకి, బూట్లు కారుతూ పైకి వచ్చాడు. అలవాటైన నోరు కదా. "ఏం దాటా..." అని మొదలుపెట్టి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

మ్యూసె తల్లి కోటు పట్టుకుని లాగింది. "అమ్మా, నాన్న గెడను నీళ్ళు దాటాయి కదా. మరి నీళ్ళకి పొగ ఎవరు వేస్తారు?"

యాబ్నె మొహం తిప్పుకుంది, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి. ఎడేకో ఎర్రబడ్డాడు. చాలాసేపు నీళ్ళకేసి చూసి, తర్వాత పెళ్ళాం వైపు చూశాడు. సేర్నె దండెం మీంచి అతని ఇంకో జత బూట్లు తెచ్చి చేతికిచ్చింది. ఎండి కరకరలాడుతున్నాయి. అతను వాటిని వెంటనే తొడుక్కోలేదు. తిరగేసి అడుగు కుట్టు చూశాడు, ఎన్నడూ చూడనట్టు.

టీ తాగి గుడారం దించారు. వాసాలు కట్టారు, కప్పులు మడిచారు, హాద్నెను బండి మీద కూర్చోబెట్టి చుట్టూ తోళ్ళు దోపారు. చివరికి ఇనప రేకు ఎత్తి మైల బండి మీద వేసింది సేర్నె. వేసి, ఆ బండిని ఎప్పటిలా వరస చివర వదిలెయ్యలేదు. దాన్ని లాగే జింక పగ్గం పట్టుకుని, బండ్లన్నీ దాటుకుంటూ ముందుకు నడిపించుకొచ్చింది. అత్త బండి దాటింది, వాసాల బండి దాటింది. తెచ్చి, ఆగగానే చేతికందేలా, సరిగ్గా తన బండి వెనకాలే కట్టింది.

ఎడేకో గెడ పట్టుకుని చూస్తున్నాడు. "అది చివర కదా ఉండాల్సింది?" అన్నాడు.

"నిన్నటిదాకా," అంది సేర్నె, ముడి బిగిస్తూ.